వెనక ఇరుసు క్రౌన్ మారుస్తారా? 3.73, 3.91, 4.10లలో మన రోడ్లకి ఏది సరిపోతుంది

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల స్పీడు బండ్ల మోజున్న కుర్రాళ్లు డబ్బు పెట్టేది ముందు సైలెన్సర్ మీద, తర్వాత ఎయిర్ ఫిల్టర్ మీద, ఆ తర్వాత అలాయ్ వీల్స్ మీద. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి హౌసింగ్‌లో ఉండే క్రౌన్ (చక్రాలని తిప్పే పెద్ద గేరు), పినియన్ (ఆ క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు) దాకా వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లు కూడా ఏదో అమెరికా వీడియో చూసి, "అన్నా, 4.10 ఏస్తే బండి ఎగురుద్దంట గదా!" అనే మాటతోనే వస్తారు. ఎగురుతుంది, కాదనను. కానీ ఆ 4.10 ఏ గేర్‌బాక్స్ వెనక ఉంది, ఎంత టైరు మీద తిరుగుతోంది అన్నది చూడకుండా అంకె ఒక్కటే పట్టుకొచ్చి మన బండికి పెడితే, చెన్నై వెళ్లొచ్చేసరికి చెవులు గింగురుమంటాయి.

ఇది వెనక చక్రాలతో నడిచే బండ్లవాళ్లకి మాత్రమే. పాత కాంటెస్సా క్లాసిక్‌ని బాగు చేయించుకుని ఇష్టంగా తిప్పేవాళ్లు, ఐదు గేర్ల ఇసుజు ఇంజన్ అంబాసిడర్ ఉన్నవాళ్లు, సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ కొన్నవాళ్లు, అడవుల్లోకి పోకుండా తారు రోడ్డు మీదే తిరిగే జిప్సీ, జీపుల వాళ్లు. స్విఫ్ట్, ఐ20, పోలోలకి వెనక ఇరుసులో గేర్లే ఉండవు. వాటి ఫైనల్ డ్రైవ్, అంటే చక్రాలని తిప్పే ఆఖరి గేర్ల జత, ముందు గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది కాబట్టి అది పూర్తిగా వేరే పని.

అంకె వెనక లెక్క

క్రౌన్ పళ్లని పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే ఈ అంకె. క్రౌన్‌కి 39, పినియన్‌కి 11 ఉంటే 3.55. 41, 11 అయితే 3.73. 43, 11 అయితే 3.91. 41, 10 అయితే 4.10. అంటే 4.10లో చక్రం ఒక చుట్టు తిరగాలంటే, గేర్‌బాక్స్ నుంచి పినియన్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగు చుట్లకి పైన తిరగాలి. (40, 10 పెట్టి సరిగ్గా 4 చేయొచ్చు కదా అని అడుగుతారు కొందరు. అప్పుడు పినియన్‌లో ప్రతి పన్నూ క్రౌన్‌లో అవే నాలుగు పళ్లతో మళ్లీ మళ్లీ కలుస్తుంది, అరుగుదల ఒకచోటే పడుతుంది. అన్ని పళ్లూ అన్నిటితో కలిసి సమంగా అరగాలని ఇలా తెగని అంకెలు పెడతారు.)

అంకె పెరిగేకొద్దీ చక్రం దగ్గర లాగుడు పెరుగుతుంది, ఒక్కో గేరులో అందుకోగల వేగం అదే లెక్కన తగ్గుతుంది. ఇంజన్‌కి ఒక్క హార్స్‌పవర్ కూడా కలవదు. మీ బండిలో ఇప్పుడు 3.55 ఉందనుకుందాం. దాని నుంచి 3.73కి వెళ్తే తేడా 5 శాతం. 3.91కి 10 శాతం. 4.10కి 15 శాతం పైన. 4.30కి 21. 4.56కి 28 దాటుతుంది.

ఇప్పుడు దీన్ని రోడ్డు మీదికి తెద్దాం. టైరు 205/55 ఆర్16 అనుకోండి. దాని చుట్టుకొలత సుమారు 1.98 మీటర్లు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి దాదాపు 840 చుట్లు తిరుగుతుంది. ఆ 840ని టాప్ గేర్ నిష్పత్తితో (ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక చుట్టుకి ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకె), తర్వాత క్రౌన్ అంకెతో గుణిస్తే ఇంజన్ ఆర్పీఎం, అంటే నిమిషానికి చుట్లు, వస్తుంది. ఐదో గేర్ 0.80 ఉన్న బండిలో 3.55కి ఇది సుమారు 2,385. 3.73కి 2,505. 3.91కి 2,625. 4.10కి 2,755. 4.56కి 3,060 దాకా పోతుంది. మీ టైరు, మీ గేర్‌బాక్స్ వేరైతే అంకెలు మారతాయి, గుణకారం మాత్రం ఇదే. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి ముందు ఈ పని చేయండి, బేరం సంగతి తర్వాత.

100 కిలోమీటర్లే ఎందుకంటే, నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద కార్లకి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి అదే. మన 16వ నంబరు హైవే మీద చోటుని బట్టి బోర్డు ఇంకా తక్కువే చెప్పొచ్చు. కావలి నుంచి నెల్లూరు, అక్కడి నుంచి తడ దాకా బండి ఎక్కువ సేపు గడిపేది 80కీ 100కీ మధ్యే. ఆ వేగంలో ఇంజన్ ఎంత తిరుగుతుందన్నదే రోజువారీ సుఖాన్నీ, పెట్రోలు ఖర్చునీ తేలుస్తుంది. మన రాష్ట్రంలో లీటరు వంద దాటి ఏళ్లయింది, కాబట్టి ఆ రెండో సంగతి చిన్నదేం కాదు.

అమెరికా వీడియోల తిరకాసు కూడా ఇక్కడే బయటపడుతుంది. 2015 మస్టాంగ్ జీటీ మాన్యువల్‌లో ఆరో గేర్ 0.65. దాని వెనక 4.10 పెట్టినా, అదే సైజు టైరు అనుకుంటే 100 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ 2,240 చుట్లకి మించదు. మన 0.80 గేర్‌బాక్స్‌లో అంత ప్రశాంతత కావాలంటే క్రౌన్ 3.33 ఉండాలి. వాళ్లకి 4.10 ఎందుకు హాయిగా ఉంటుందో, మనకి ఎందుకు ఉండదో ఈ ఒక్క లెక్క చెబుతుంది. పైగా వాళ్ల కింద 5 లీటర్ల వీ8 ఉంది.

ఒక్కో మెట్టూ ఎవరికి

3.55 నుంచి 3.73కి మారడం కోసమే హౌసింగ్ దించడం నా దృష్టిలో డబ్బు దండగ. 5 శాతం తేడా మొదటి వారం మనసుకి తెలుస్తుంది, తర్వాత కాలికి కూడా తెలియదు. పాత క్రౌన్ అరిగి కూత పెడుతోంది, ఎలాగూ మార్చాలి, దొరికింది 3.73 అయితే వేసేయండి. అంతకుమించి దాని గురించి ఆలోచించక్కర్లేదు.

3.91 ప్రాంతం, అంటే ఇప్పుడున్నదాని మీద పది శాతం దగ్గర, చాలామందికి సరైన చోటు అని నా అభిప్రాయం. ఐదో గేరులో 240 చుట్లు పెరుగుతాయి, అంతే. కానీ మినీ బైపాస్‌లో ఆటో వెనక నుంచి బయటపడేటప్పుడు మూడో గేరులోనే బండి లేస్తుంది, రెండుకి దించే అవసరం తగ్గుతుంది. హైవే మీద కృష్ణపట్నం లారీల వరసని దాటేటప్పుడు ఐదులోంచి నాలుగుకి దించగానే ఇంజన్ తన బలమున్న చోటికి వచ్చి పడుతుంది. 1.8 లీటర్ల కాంటెస్సా లాంటి బరువైన బండికి ఈ పది శాతం అలాయ్ వీల్స్ కంటే, ఖాళీ సైలెన్సర్ కంటే ఎక్కువ చేస్తుంది.

4.10కి కొంచెం ఆగాలి. టాప్ గేర్ 0.80 కానీ, అంతకంటే తక్కువ కానీ ఉంటే, బండి ఎక్కువగా ఊళ్లోనూ ఘాట్లలోనూ తిరిగేదైతే ఇది ఆనందంగానే ఉంటుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో, గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల దాటే దారిలో దీని విలువ తెలుస్తుంది. మలుపు తిరిగి బయటికి వచ్చేటప్పుడు రెండో గేరు మరీ కిందికి, మూడో గేరు మరీ పైకి అనిపించే చిక్కు చాలావరకు పోతుంది. దిగేటప్పుడు కూడా ఇంజన్ బ్రేక్ గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి బ్రేకులు తక్కువ కాగుతాయి. నెలకి ఇలాంటి దారి రెండు మూడు సార్లు ఎక్కేవాళ్లయితే 4.10కి నేను అడ్డు చెప్పను. వారం వారం నెల్లూరు-చెన్నై తిరిగేవాళ్లయితే చెబుతాను.

టాప్ గేర్ 1.00 ఉన్న నాలుగు గేర్ల పాత బండ్లకి అసలు వద్దు. అక్కడ 4.10 వేస్తే 100 దగ్గర ఇంజన్ 3,440 చుట్లు తిరుగుతుంది. అలాంటి బండికి ముందు కావలసింది ఐదు గేర్ల బాక్స్.

4.30, 4.56 తేలిక బండికీ, ఆర్పీఎం బాగా ఎక్కే చిన్న ఇంజన్‌కీ సరిపోతాయి. టొయోటా ఏఈ86 అనే కారుకి కంపెనీయే 4.30 ఇచ్చింది, ఎందుకంటే దానిలోది 1.6 లీటర్ల ఇంజన్, పైకి తిరిగేకొద్దీ బలం చూపించే రకం. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పడానికే బండి కడుతున్నవాళ్లయితే, 3.7 కిలోమీటర్ల ఆ ల్యాప్‌లో ఏ గేరు ఎక్కడ అయిపోతుందో చూసి ఎంచుకుంటారు. వాళ్ల లెక్కే వేరు. వీధి బండికి 4.56 పెట్టించుకుని, బండి మీద మనసు విరిగి అమ్మేసినవాళ్లు ఉంటారు. అలాంటి బండి తక్కువ ధరకి దొరికితే కొనుక్కుని క్రౌన్ మార్చుకోవడం మంచి బేరం కూడా!

ఇంకో సంగతి. 0 నుంచి 100 టైము తగ్గించాలనే పట్టుదల ఉంటే రెండో గేరు ఎక్కడ అయిపోతుందో చూసుకోండి. రెండో గేరు 2.00, ఇంజన్ 6,000 దాకా తిరుగుతుంది అనుకుంటే 3.55తో రెండో గేరే 100ని అందుకుంటుంది. 3.73తో 95 దగ్గర ఆగిపోతుంది. 4.10తో 87. అంటే 100 చేరడానికి మూడో గేరు వేయాల్సిందే, ఆ మార్పులో పోయే క్షణం కొత్త క్రౌన్ తెచ్చిన లాభాన్ని మింగేస్తుంది. బండి గట్టిగా లాగుతున్నట్టు ఉంటుంది, స్టాప్‌వాచ్ మాత్రం ఒప్పుకోదు.

లాగుడు తక్కువా, పట్టు తక్కువా

క్రౌన్ కొనేముందు ఖాళీ స్థలంలో ఒకసారి మొదటి గేరులో గట్టిగా కదిలించి, దిగి వెనక్కి వెళ్లి నేల చూడండి. నల్లటి గీత ఒక్కటే ఉంటే ఒక చక్రం ఊరికే తిరుగుతోంది, రెండోది చూస్తూ కూర్చుంది. అలాంటి బండికి లాగుడు పెంచితే ఆ ఒక్క చక్రమే ఇంకా ఎక్కువ తిరుగుతుంది. వెనక చక్రాలు రెండింటికీ తిప్పుడుని పంచే గేర్ల అమరికని డిఫరెన్షియల్ అంటారు. మీకు కావలసింది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా రెండోదానికీ లాగుడు అందించే రకం. గీతలు రెండూ ఉంటే, లేదా గీతే పడకుండా బండి నీరసంగా కదిలితే అప్పుడు క్రౌన్ గురించి ఆలోచించండి.

ఈ డిఫరెన్షియల్‌లో కూడా రకాలున్నాయి. క్లచ్ ప్లేట్ల రకం చవకలో గట్టిగా పట్టుకుంటుంది, కానీ ప్లేట్లు అరుగుతాయి, నూనెలో ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్లు సాఫీగా జారేలా చేసే మందు) కలపకపోతే నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు కటకటమంటుంది. హెలికల్ గేర్ల రకం, టోర్సెన్ అని పిలుస్తారే అది, నిశ్శబ్దంగా, అరుగుదల లేకుండా పనిచేస్తుంది. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే మాత్రం చేతులెత్తేస్తుంది. వీధి బండికి నేను ఎంచుకునేది ఈ రెండోదే. 2020 థార్‌లో మహీంద్రా కొన్ని మోడళ్లకి ఇచ్చిన మెకానికల్ లాకింగ్ రకం ఇసుకకి, బురదకి బాగుంటుంది. తారు మీద వేగంగా తిరగడానికి చేసింది కాదు.

డిఫరెన్షియల్‌ని వెల్డింగ్ చేయించడం అనే నాలుగో దారి ఒకటుంది. ట్రాక్‌కి వదిలేయండి. గాంధీబొమ్మ దగ్గర యూ టర్న్ తీసుకునేటప్పుడు లోపలి చక్రం ఈడ్చుకుంటూ రావడం, టైరు నమిలేసినట్టు అరగడం, ఏదో ఒకరోజు యాక్సిల్ షాఫ్ట్ విరగడం, ఈ మూడూ దాని వెంట వస్తాయి.

డబ్బు ఒకదానికే సరిపోతుందంటే డిఫరెన్షియల్ ముందు. రెండూ చేయించగలిగితే ఒకేసారి చేయించండి, ఎందుకంటే దేనికైనా అదే హౌసింగ్ విప్పాలి, అవే బేరింగులు తీయాలి, అదే కూలి ఇవ్వాలి.

అసలు హౌసింగ్ ముట్టుకోకుండానే నిష్పత్తి మార్చే మార్గం టైరు. 205/55 ఆర్16 వ్యాసం 632 మిల్లీమీటర్లు, 195/50 ఆర్15ది 576. ఈ చిన్న టైరు వేస్తే మీ 3.55 క్రౌన్ 3.89 లాగా పనిచేస్తుంది. దాదాపు 3.91 వచ్చినట్టే. బదులుగా బండి 28 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, అదీ మన ఊళ్లలో జనం సొంతంగా కట్టుకునే స్పీడ్ బ్రేకర్ల మీద! అయినా పది శాతం మార్పు మీకు నచ్చుతుందో లేదో చూసుకోవడానికి స్నేహితుడి చిన్న చక్రాలు అడిగి వారం తిప్పి చూడటం తెలివైన పని. అవి మీ హబ్‌కీ బ్రేకులకీ సరిగ్గా పడతాయని, బరువు మోసే రేటింగ్ చాలుతుందని చూసుకున్నాకే సుమా. ఇదే లెక్క తిరగేస్తే, పెద్ద టైర్లు వేసి బండి నీరసపడిందని బాధపడే జీపులవాళ్లకి క్రౌన్ మార్పు అప్‌గ్రేడ్ కాదు, పోయినది తిరిగి తెచ్చుకోవడమే.

సామాను

కొత్త సెట్ దొరికే బండ్లు మన దగ్గర కొన్నే. మిగతావాళ్లకి చెన్నై పుదుపేట, విజయవాడ ఆటోనగర్ పాత సామాన్ల కొట్లే దిక్కు. పాతది కొనేటప్పుడు ఒక్క నియమం: క్రౌన్, పినియన్ జత విడదీయకూడదు. ఫ్యాక్టరీలో రెండింటినీ కలిపి నూరి జత చేస్తారు, చాలా వాటి మీద ఒకే నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబర్లు కలవకపోతే కొట్టువాడు ఎంత తగ్గించినా వద్దు. పళ్ల మీద గోరు పెట్టి లాగండి, గుంట తగిలినా, పన్ను అంచు పెచ్చు ఊడినా వదిలేయండి. వీలైతే హౌసింగ్ మొత్తం కొని, కదపకుండా అలాగే బిగించుకోవడం అన్నిటికంటే సుఖం. ఫ్యాక్టరీ సెట్టింగ్ చెదరదు. బ్రేకులు, వెడల్పు, స్ప్రింగ్ సీట్లు సరిపోవాలి, అంతే.

కొన్ని ఇరుసుల్లో క్రౌన్ బిగించే కేజ్ కూడా అంకెని బట్టి మారుతుంది. ఉదాహరణకి డానా 44లో 3.73 దాకా ఒక కేజ్, 3.92 నుంచి ఇంకోటి. సెట్ కొని ఇంటికి తెచ్చాక ఇది తెలిస్తే ఖర్చు రెట్టింపవుతుంది. అంకె పెరిగేకొద్దీ పినియన్ తల చిన్నదవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. టర్బో వేసిన ఇంజన్‌కి 4.56 పినియన్ పెడితే ముందుగా లొంగేది అదే.

అసలు డబ్బు పెట్టాల్సింది బిగించే చేతికి

3.91 మంచిదా 4.10 మంచిదా అని నెల రోజులు తలబద్దలు కొట్టుకుని, బిగింపుకి మాత్రం తక్కువ కూలి అడిగిన షెడ్డుకి బండి ఇస్తారు. తప్పుడు అంకె సరిగ్గా బిగిస్తే బండి నడుస్తుంది. సరైన అంకె తప్పుగా బిగిస్తే వెయ్యి కిలోమీటర్లలోపే కూత మొదలవుతుంది, అది ఇంక తగ్గదు.

మనకున్న వరం ఏమిటంటే లారీలు, ట్రాక్టర్లు. నెల్లూరు ఆటోనగర్‌లో రోజూ క్రౌన్ పనే చేసే మేస్త్రిలు ఉన్నారు, ఈ విషయంలో కార్ల షోరూముల్లో చాలామంది కంటే వాళ్ల చెయ్యి నమ్మదగ్గది. చిక్కల్లా ఒక్కటే. లారీకి చెల్లిపోయే ప్లే, అంటే పళ్ల మధ్య వదులు, కారుకి చెల్లదు. పినియన్ ఫ్లాంజ్ పట్టుకుని ఇటూ అటూ కదిపి, ఆ టిక్ టిక్ చప్పుడు విని "చాల్లే" అనే అలవాటు వాళ్లది. కారు ఇరుసుల్లో ఎక్కువ వాటికి పళ్ల మధ్య ప్లే 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు, అది చెవికి తెలిసేది కాదు. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె కాగితం మీద రాసి మేస్త్రి చేతికివ్వండి. ఆ సన్నటి వదులు కొలిచే డయల్ గేజ్ ఉందా అని అడగండి. లేదంటే మర్యాదగా బండి వెనక్కి తెచ్చేయండి.

పని జరిగేటప్పుడు దగ్గర నిలబడి చూడాల్సిన ఘట్టం ఒకటుంది. క్రౌన్ పళ్లు నాలుగైదింటికి రంగు పేస్ట్ పూసి, చేత్తో తిప్పుతారు. పినియన్ తాకిన చోట రంగు పోయి మెరిసే మచ్చ పడుతుంది. ఆ మచ్చ పన్ను ఎత్తులో మధ్యకి రావాలి. కొనకి పోతే పినియన్ దూరంగా ఉన్నట్టు, వేరులోకి దిగితే మరీ లోపలికి పోయినట్టు. అప్పుడు విప్పి, షిమ్ (సందు సర్దే పలచటి రేకు) మార్చి, మళ్లీ బిగించి, మళ్లీ రంగు పూయాలి. మంచి మేస్త్రి కూడా రెండు మూడుసార్లు విప్పుతాడు, విసుక్కోకండి. ఒక్కసారికే "అయిపోయింది సార్" అంటేనే అనుమానించాలి. పినియన్ మీద, బిగించినప్పుడు నలిగి బేరింగ్ బిగువు నిలిపే స్లీవ్ (చిన్న గొట్టం) ఉండే రకమైతే అది ప్రతిసారీ కొత్తది వేయాలి. పాతదాన్నే ఇంకాస్త గట్టిగా బిగిస్తే బేరింగ్ లోడ్ లెక్క తప్పుతుంది. బేరింగులు, సీళ్లు కూడా కొత్తవే. అక్కడ మిగిల్చేది ఏమీ ఉండదు.

బయటికి తెచ్చాక

స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ తోక నుంచి వచ్చే బండ్లలో మీటరు ఇక ఎక్కువ చూపిస్తుంది. 3.55 నుంచి 4.10కి మారితే ముల్లు 100 మీద ఉన్నప్పుడు అసలు వేగం 87 కూడా ఉండదు. కిలోమీటర్ల లెక్క కూడా అలాగే పెరుగుతుంది, దాంతో మైలేజీ ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపించి మురిపిస్తుంది. కేబుల్ చివర ఉండే చిన్న ప్లాస్టిక్ గేర్ మారిస్తే సరిపోతుంది. చక్రాల సెన్సర్ల నుంచి వేగం చదివే బండ్లకి ఈ బాధ లేదు. కానీ ఆటోమేటిక్ బండ్లలో కంప్యూటర్‌కి కొత్త నిష్పత్తి చెప్పకపోతే గేర్లు మార్చే చోటు తప్పుతుంది, వార్నింగ్ లైట్లు వెలుగుతాయి. ఆ కోడింగ్ చేసే మనిషి దొరికాకే బీఎండబ్ల్యూ డిఫరెన్షియల్ కొనండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చడం గురించే ఉంది. పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి, ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి. క్లెయిమ్ రోజున టెన్షన్ పడేకంటే ఇది నయం.

కొత్త క్రౌన్‌కి మొదటి రోజులే ముఖ్యం. ఇరవై ముప్పై కిలోమీటర్ల దారికి నెమ్మదిగా వెళ్లి రండి, ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా మూడు నాలుగుసార్లు. రోహిణి కార్తెలో ఈ పని పెట్టుకున్నవాళ్లు తెల్లవారుజామున తిప్పితే మంచిది. మొదటి 800 కిలోమీటర్లు బరువు లాగొద్దు, గేరు గేరుకీ ఎర్రగీత దాకా తొక్కొద్దు. ఆ తర్వాత నూనె దించి మార్చండి. మాన్యువల్ వేరే చెప్పకపోతే జీఎల్-5 80డబ్ల్యూ-90 రకం గేర్ నూనె. డ్రైన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిద లాంటి మెత్తటి పొడి అంటుకుని ఉంటే కంగారు పడక్కర్లేదు, అది పళ్లు ఒకదానికొకటి సర్దుకున్నప్పుడు రాలేది. వేలికి గుచ్చుకునే ముక్కలు దొరికితే మాత్రం బండి అక్కడి నుంచి కదపకుండా మేస్త్రికి ఫోన్ చేయండి. మిగిలిన జీఎల్-5ని గేర్‌బాక్స్‌లో పోయకండి, గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు ఇత్తడివైతే ఆ నూనె వాటికి పడదు.